లాక్‌ఫైల్ ఉంది, ఆడిట్ నడుస్తోంది... ప్యాకేజీయే హ్యాక్ అయితే మా బిల్డ్ సంగతేంటి?

డెవాప్స్_కొత్త

అందరికీ నమస్తే. మాది చిన్న టీమ్, సీఐ (కోడ్‌ని తనంతట తానే బిల్డ్, టెస్ట్ చేసే వ్యవస్థ) పనులు ఈమధ్యే నా చేతికొచ్చాయి. నోడ్ బ్యాకెండ్ ఒకటి, రియాక్ట్ ఫ్రంటెండ్ ఒకటి, పక్కన కొన్ని పైథాన్ సర్వీసులు, అన్నీ గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ ఇచ్చే సీఐ) బిల్డ్ అయ్యి నేరుగా క్లౌడ్‌లోకి వెళ్లిపోతాయి.

2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ, వాటిని దించే టూల్) ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ ఎక్కించారు కదా, మెయింటైనర్‌కి (ప్యాకేజీ చూసుకునేవాడికి) టూ ఫ్యాక్టర్ అప్‌డేట్ చేసుకోమని దొంగ మెయిల్ పంపి అకౌంట్ లాగేసుకున్నారు. అది చల్లారకముందే అదే నెలలో షాయ్ హులూద్ అనే వార్మ్ (తనంతట తాను పాకే దొంగ ప్రోగ్రామ్) వచ్చి వందల ప్యాకేజీలకి పాకింది. అప్పట్నుంచి మా మేనేజర్ ఒకటే అడుగుతున్నారు, అది మన దాకా వస్తే ఏం జరుగుతుంది అని. నా దగ్గర గట్టిగా చెప్పడానికి జవాబు లేదు.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఇది: లాక్‌ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దిగాలో రాసి ఉంచే ఫైల్) గిట్‌లో ఉంది, ప్రతి బిల్డ్‌లో ఎన్‌పీఎం ఆడిట్ (తెలిసిన లోపాలు వెతికే కమాండ్) నడుస్తుంది, డిపెండబాట్ (అప్‌డేట్లు ప్రతిపాదించే బాట్) ఆన్‌లో ఉంది. వర్క్‌ఫ్లో (సీఐ చెయ్యాల్సిన పనుల జాబితా) మొత్తం ఒకటే జాబ్, చెకౌట్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, టెస్టులు, బిల్డ్, డెప్లాయ్ అన్నీ వరసగా అందులోనే. క్లౌడ్ కీలు రెపో సీక్రెట్స్‌లో పెట్టి జాబ్ పైనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇచ్చేశారు, అంటే ఆ జాబ్‌లో నడిచే ప్రతి కమాండ్ వాటిని చదవగలదు. ఇది సరిపోతుందా, సరిపోకపోతే ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి? అన్నీ ఒకేసారి చేసేంత టైమ్ మాకు దొరకదు, అందుకే వరస అడుగుతున్నా.

లాక్‌ఫైల్_లోకం

ముందు సులువుగా అయ్యేది చెప్తా. సీఐలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ తీసేసి ఎన్‌పీఎం సీఐ పెట్టండి, ఇవాళే పెట్టండి. ప్యాకేజ్ జేసన్‌కీ లాక్‌ఫైల్‌కీ పొంతన కుదరకపోతే ఇన్‌స్టాల్ కమాండ్ ఏమీ అనకుండా లాక్‌ని తిరగరాసుకుని ముందుకెళ్తుంది, సీఐ కమాండ్ అయితే అక్కడే ఆగి బిల్డ్ ఫెయిల్ చేస్తుంది. లాక్‌ఫైల్‌లో ప్రతి ప్యాకేజీ పక్కన షా 512 హ్యాష్ (ఫైల్ వేలిముద్ర లాంటి కోడ్) ఉంటుంది కాబట్టి దిగిన ఫైల్ ఒక్క బైట్ తేడా ఉన్నా దొరికిపోతుంది.

కానీ లాక్‌ఫైల్ చెప్పేది "నిన్న దిగిందే ఇవాళా దిగింది" అని మాత్రమే. నిన్న దిగింది మంచిదో కాదో దానికి తెలీదు. అప్‌డేట్ పీఆర్ (పుల్ రిక్వెస్ట్, కోడ్ మార్పు ప్రతిపాదన) మెర్జ్ చేసిన రోజున దొంగ వెర్షన్ లాక్‌లోకి ఎక్కిందనుకోండి, ఆ తర్వాత దాన్నే హ్యాష్ సరిచూసుకుని మరీ ప్రతి బిల్డ్‌లోకి తెస్తుంది. ఆడిట్ కూడా అంతే, ఎవరో కనిపెట్టి రిపోర్ట్ చేసి డేటాబేస్‌లో చేరాకే అది ఎర్రగా చూపిస్తుంది. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజీ గుర్తుందా, కొత్తగా చేతికి తీసుకున్న మెయింటైనర్ ఫ్లాట్‌మ్యాప్ స్ట్రీమ్ అని ఒక డిపెండెన్సీ (ఆ ప్యాకేజీ వాడుకునే ఇంకో ప్యాకేజీ) కలిపాడు, అది కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ బిల్డ్‌లో తప్ప ఇంకెక్కడా నోరు విప్పలేదు. సెప్టెంబర్‌లో ఎక్కితే నవంబర్‌లో బయటపడింది, అన్నాళ్లూ ఆడిట్లన్నీ పచ్చగానే ఉన్నాయి.

ఇంకోటి ఇన్‌స్టాల్ స్క్రిప్టులు. ప్రీ ఇన్‌స్టాల్, పోస్ట్ ఇన్‌స్టాల్ అని ప్యాకేజీ రాసినవాడు ఏం రాస్తే అది మీ రన్నర్‌లో (సీఐ పనులు నడిచే మెషిన్‌లో) నడుస్తుంది, మీరు ఆ ప్యాకేజీని ఇంపోర్ట్ చెయ్యక్కర్లేదు, అది మీ డిపెండెన్సీకి డిపెండెన్సీకి డిపెండెన్సీ అయినా సరే నడుస్తుంది. ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఫ్లాగ్ పెట్టి నడిపి చూడండి, నేటివ్ మాడ్యూల్స్ (ఆ మెషిన్‌కి తగ్గట్టు కంపైల్ చెయ్యాల్సినవి) ఒకటో రెండో విరుగుతాయి, వాటికి మాత్రం విడిగా రీబిల్డ్ పిలవండి. ఎన్‌పీఎంకి బదులు వాడే టూల్ పీఎన్‌పీఎంలో 10వ వెర్షన్ నుంచి డిపెండెన్సీల స్క్రిప్టులు డిఫాల్ట్‌గా ఆపేశారు, మనం పేరు పెట్టి అనుమతిస్తేనే నడుస్తాయి. నన్నడిగితే ఈ ఒక్క కారణానికే దానికి మారొచ్చు.

పీఆర్‌లో లాక్‌ఫైల్ మారితే ఎవరూ చదవరు, వేల లైన్లు కదా అని మడిచేసి పక్కన పెడతారు. అందులో డౌన్‌లోడ్ యూఆర్ఎల్ ఎన్‌పీఎం రిజిస్ట్రీది కాకుండా వేరేది ఉంటే హ్యాష్ కూడా దానికి తగ్గట్టే రాసి ఉంటుంది, అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది. లాక్‌ఫైల్ లింట్ అని చిన్న టూల్ ఉంది, యూఆర్ఎల్ హోస్ట్‌లు చెక్ చేస్తుంది, దాన్ని సీఐలో ఒక స్టెప్‌గా పెట్టుకోండి.

రన్నర్_కాపలా

పైన చెప్పినవన్నీ కరెక్టే, చెయ్యండి. కానీ ప్రశ్నలో నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే ఉంది: "జాబ్ పైనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇచ్చేశారు". అసలు ప్రమాదం అక్కడుంది. చెడ్డ ప్యాకేజీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, దాన్ని పూర్తిగా ఆపగలం అనుకుని డిజైన్ చెయ్యకండి. వచ్చినరోజు దాని చేతికి ఏం అందుతుంది, ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

మీ సెటప్‌లో ఇన్‌స్టాల్ స్టెప్ నడిచేటప్పటికే ప్రొడక్షన్ క్లౌడ్ కీలు ఆ ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నాయి. ఎన్వ్ మొత్తం చదివి బయటికి పంపడానికి ఒక్క లైన్ చాలు. 2021లో కోడ్‌కవ్ (టెస్ట్ కవరేజ్ సర్వీస్) వాళ్ల బాష్ అప్‌లోడర్ స్క్రిప్ట్‌కి జరిగింది సరిగ్గా ఇదే, జనవరి 31 నుంచి ఆ స్క్రిప్ట్‌లో మార్చిన లైన్ కూర్చుని ఎక్కడ నడిస్తే అక్కడి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని ఇంకో సర్వర్‌కి పంపుతూ పోయింది, ఏప్రిల్ 1న గానీ తెలీలేదు. ఎలా తెలిసిందంటే ఒక కస్టమర్ డౌన్‌లోడ్ చేసిన స్క్రిప్ట్ హ్యాష్‌ని వాళ్లు ప్రకటించిన హ్యాష్‌తో పోల్చి చూశాడు, కలవలేదు. ఆ స్క్రిప్ట్‌ని కర్ల్‌తో దించి అక్కడికక్కడే నేరుగా బాష్‌లో నడిపేసినవాళ్లకి పోల్చి చూసే అవకాశమే లేదు.

సరే ఏం చెయ్యాలి. జాబ్‌ని ముక్కలు చెయ్యండి. ఒక జాబ్‌లో ఇన్‌స్టాల్, టెస్ట్, బిల్డ్, దానికి ఒక్క సీక్రెట్ కూడా వద్దు, గిట్‌హబ్ టోకెన్ పర్మిషన్ కంటెంట్స్ రీడ్ (కోడ్ చదవడం) మాత్రమే. చెకౌట్‌లో పర్సిస్ట్ క్రెడెన్షియల్స్ ఫాల్స్ అని పెట్టండి, లేకపోతే గిట్ టోకెన్ కూడా డిస్క్ మీద మిగిలి ఉంటుంది. బిల్డ్ అయిన ఫైళ్లని ఆర్టిఫాక్ట్‌గా (జాబ్‌ల మధ్య అందించే ఫైళ్ల మూటగా) ఎక్కించండి. రెండో జాబ్ ఆ ఆర్టిఫాక్ట్ దించుకుని డెప్లాయ్ చేస్తుంది, అందులో ఎన్‌పీఎం పేరే రాకూడదు.

డెప్లాయ్ జాబ్‌లో కూడా ఏళ్ల తరబడి బతికే క్లౌడ్ కీ పెట్టకండి, ఓఐడీసీ (దాచిన కీ లేకుండా గుర్తింపు చూపించే పద్ధతి) వాడండి, రన్ అయినప్పుడు కొద్దిసేపు మాత్రమే పనిచేసే క్రెడెన్షియల్ వస్తుంది. ఇక్కడ చాలామంది జారిపోయేచోటు రెండున్నాయి. ఐడీ టోకెన్ రైట్ పర్మిషన్‌ని (ఓఐడీసీ టోకెన్ అడిగే హక్కుని) వర్క్‌ఫ్లో పైన పెట్టేస్తారు, అప్పుడు బిల్డ్ జాబ్‌లో ఉన్న దొంగ ప్యాకేజీ కూడా ఆ టోకెన్ అడిగి తీసుకోగలదు, అది డెప్లాయ్ జాబ్‌కి మాత్రమే ఇవ్వాలి. రెండోది క్లౌడ్ వైపు ట్రస్ట్ పాలసీ (ఎవరిని నమ్మాలో చెప్పే రూల్), రెపో పేరుతో పాటు బ్రాంచో ఎన్విరాన్‌మెంటో కూడా అందులో బిగించాలి, లేకపోతే ఎవరి ఫీచర్ బ్రాంచ్ నుంచి అయినా ప్రొడక్షన్ రోల్ తీసుకోవచ్చు.

ఒకటి దాచకుండా చెప్తా, జాబ్‌లు విడగొడితే కాపాడబడేది సీక్రెట్స్ మాత్రమే. ఆ దొంగ కోడ్ మీ బండిల్ (బిల్డ్ అయిన యాప్) లోపలికే చేరితే డెప్లాయ్ జాబ్ దాన్ని భద్రంగా మోసుకెళ్లి ప్రొడక్షన్‌లో పెడుతుంది. చాక్, డీబగ్ అప్పుడు జరిగింది ఆ రకమే, ఆ కోడ్ గురి బిల్డ్ మెషిన్ మీద లేదు, యూజర్ బ్రౌజర్‌లో క్రిప్టో వాలెట్ ట్రాన్సాక్షన్ల మీద ఉంది.

డెవాప్స్_కొత్త

చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. ఎన్‌పీఎం సీఐ మార్చేశా, ఇగ్నోర్ స్క్రిప్ట్స్ పెడితే ఒక ఇమేజ్ లైబ్రరీ విరిగింది, దానికి రీబిల్డ్ పెట్టా.

రెండు అనుమానాలు. జాబ్ విడగొట్టడం మాకు కాస్త పెద్ద పని, సీక్రెట్స్‌ని జాబ్ పైనుంచి తీసేసి డెప్లాయ్ స్టెప్‌కి మాత్రమే ఇస్తే చాలదా? ఇంకోటి, దొంగ వెర్షన్లు త్వరగానే బయటపడుతున్నాయి కాబట్టి కొత్త వెర్షన్లని కొన్ని రోజులు ఆపి తీసుకోమంటున్నారు కొందరు, మరి సెక్యూరిటీ ప్యాచ్ వచ్చినప్పుడు కూడా ఆగితే అది ఇంకో ప్రమాదం కదా?

రన్నర్_కాపలా

చాలదు. ఒకే జాబ్‌లో స్టెప్పులన్నీ ఒకే మెషిన్ మీద, ఒకే యూజర్ కింద నడుస్తాయి. ఇన్‌స్టాల్ స్టెప్‌లో దూరిన కోడ్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక ప్రాసెస్ వదిలి కూర్చోవచ్చు, పాత్‌లో (కమాండ్లని వెతికే ఫోల్డర్ల వరసలో) ముందు తన ఫోల్డర్ కలిపి మీ డెప్లాయ్ కమాండ్ పేరుతోనే ఇంకో ఫైల్ పెట్టొచ్చు, మూడు స్టెప్పుల తర్వాత మీరు సీక్రెట్ ఇచ్చేదాకా ఆగి అప్పుడు లాక్కోవచ్చు. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ చేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్ (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ స్టెప్) హ్యాక్‌లో ఆ స్క్రిప్ట్ ఎన్విరాన్‌మెంట్ జోలికి కూడా పోలేదు, రన్నర్ ప్రాసెస్ మెమొరీనే తవ్వి అందులో దొరికిన సీక్రెట్స్‌ని బిల్డ్ లాగ్‌లో ప్రింట్ చేసింది. స్టెప్ అనేది మనం చదువుకోవడానికి గీసుకున్న గీత, కాపలా ఉన్న గోడ కాదు. పని పెద్దదైనా జాబ్ విడగొట్టాల్సిందే, మిగతావి వచ్చే నెలకి వాయిదా వేసుకున్నా పర్లేదు గానీ దీన్ని వాయిదా వెయ్యకండి.

ఇక ఆగడం గురించి. నాకైతే ఖర్చు తక్కువ ఫలితం ఎక్కువ ఉన్నది అదే. చాక్, డీబగ్ వెర్షన్లు కొన్ని గంటల్లో తీసేశారు, 2021 అక్టోబర్‌లో యూఏ పార్సర్ జేఎస్ అనే ప్యాకేజీ కూడా అంతే, అంటే ఒక్క రోజు ఆగినవాళ్లకి ఆ రెండూ అసలు తగలనే లేదు. పీఎన్‌పీఎంలో మినిమమ్ రిలీజ్ ఏజ్ అని సెట్టింగ్ ఉంది (విడుదలై అంతసేపు కాని వెర్షన్‌ని తీసుకోదు), నిమిషాల్లో ఇవ్వాలి, పేరు పెట్టి మినహాయింపు కూడా ఇవ్వొచ్చు. డిపెండబాట్‌లో అలాంటిదే కూల్‌డౌన్ ఉంది, అది మామూలు వెర్షన్ అప్‌డేట్లకే వర్తిస్తుంది, సెక్యూరిటీ అప్‌డేట్లని ఆపదు, కాబట్టి మీ రెండో భయం చాలావరకు అక్కడే తీరిపోతుంది. ప్యాచ్ మరీ అత్యవసరం అయితే మనిషి కూర్చుని ఆ ఒక్క ప్యాకేజీ పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ తేడా చదివి మినహాయింపు ఇవ్వాలి. అయితే ఆగడం ఒక్కటే చాలు అనుకోవద్దు, ఈవెంట్ స్ట్రీమ్ లాంటిది వారం ఆగినా తగిలేది.

పైథాన్_పక్కింటి

పైథాన్ సర్వీసులు ఉన్నాయన్నారు, ఎవరూ అటు చూడలేదు కాబట్టి చెప్తున్నా.

మీకు ప్రైవేట్ ప్యాకేజీ ఇండెక్స్ (ప్యాకేజీలు దొరికే సర్వర్) ఉందా, ఉంటే పిప్‌ని (పైథాన్ ప్యాకేజీలు దించే టూల్) ఎక్స్‌ట్రా ఇండెక్స్ యూఆర్ఎల్‌తో నడుపుతున్నారా, అదొక్కటి ఈ రాత్రికే చూసుకోండి. ఎక్స్‌ట్రా అంటే "ముందు మనది, లేకపోతే పబ్లిక్‌ది" అని చాలామంది అనుకుంటారు, పిప్‌కి అలాంటి వరస లేదు, రెండింటినీ ఒకే కుప్పగా చూసి పెద్ద వెర్షన్ ఎక్కడుంటే అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. మీ లోపలి ప్యాకేజీ పేరు బయటివాడికి తెలిస్తే చాలు, పైపీఐలో (పైథాన్ పబ్లిక్ ఇండెక్స్) అదే పేరుతో 99 వెర్షన్ పెడతాడు. అలెక్స్ బిర్సాన్ అనే రీసెర్చర్ 2021 ఫిబ్రవరిలో ఈ దారిలోనే ఆపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్ సహా 35కి పైగా కంపెనీల లోపల తన కోడ్ నడిపి చూపించాడు. ఆ తర్వాత కూడా 2022 డిసెంబర్ 25 నుంచి 30 మధ్య పైటార్చ్ (ఏఐ లైబ్రరీ) నైట్లీ, అంటే రోజువారీ వెర్షన్, లినక్స్‌లో పిప్‌తో దించుకున్నవాళ్లకి టార్చ్‌ట్రైటన్ పేరుతో దొంగ ప్యాకేజీ దిగింది, ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా పట్టుకుపోయింది. అంత పెద్ద ప్రాజెక్టుకే తగిలింది.

కాబట్టి ఇండెక్స్ ఒక్కటే ఉంచండి, లోపలి ప్రాక్సీ (బయటి ప్యాకేజీలని మీ తరఫున తెచ్చి ఇచ్చే సర్వర్) పెట్టుకుని మీ పేర్లు లోపలి నుంచే రావాలి అని అక్కడ రూల్ రాయండి. ఎన్‌పీఎంలో అయితే లోపలి ప్యాకేజీలన్నీ మీ సొంత స్కోప్ (ప్యాకేజీ పేరు ముందు వచ్చే మీ గుర్తు) కింద పెట్టి ఆ స్కోప్‌ని మీ రిజిస్ట్రీకే కట్టెయ్యండి.

రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో వెర్షన్ రాసుకుంటే పిన్ చేసినట్టే (ఒక్కదానికే బిగించినట్టే) అనుకోవద్దు, హ్యాష్‌లతో జనరేట్ చేసి రిక్వైర్ హ్యాషెస్‌తో ఇన్‌స్టాల్ చెయ్యండి. ఓన్లీ బైనరీ ఆప్షన్ కూడా ఆల్ అని పెట్టండి. వీల్ ఫైల్ (ముందే బిల్డ్ అయిన ప్యాకేజీ) అయితే విప్పి కాపీ చెయ్యడమే, సోర్స్ ప్యాకేజీ అయితే ఇన్‌స్టాల్ టైమ్‌లోనే సెటప్ డాట్ పీవై నడుస్తుంది, అంటే ఎన్‌పీఎం పోస్ట్ ఇన్‌స్టాల్ కథే మళ్లీ.

అప్‌డేట్_అలసట

నేను కొంచెం ఎదురు మాట్లాడతా, తప్పుగా అనుకోకండి. అన్నీ పిన్ చేసి, అన్నీ ఆపి, యాక్షన్లన్నిటికీ 40 అక్షరాల కమిట్ షా (ఒక కోడ్ మార్పుని కచ్చితంగా గుర్తించే హ్యాష్) రాసుకుంటూ పోతే ఆర్నెల్లకి ఎవరూ ఏదీ అప్‌డేట్ చెయ్యరు. నేను చూసిన టీముల్లో పిన్ చేసినవి అలాగే పాతబడి పాతబడి చివరికి తెలిసిన లోపాలతోనే ప్రొడక్షన్‌లో తిరుగుతున్నాయి. 2021 డిసెంబర్‌లో లాగ్ ఫర్ జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు ఎక్కువ ఏడ్చింది పాత వెర్షన్లలో ఇరుక్కున్నవాళ్లే, ఒక్క లైబ్రరీ మార్చాలంటే పది విరిగేవి. దొంగ ప్యాకేజీ భయంతో అప్‌డేట్ మానేస్తే ఒక గుంత తప్పించుకుని ఇంకో గుంతలో పడతాం. నా మాట ఏంటంటే, పిన్ చేసే ముందు దాన్ని కదిపే బాట్ పెట్టండి, బాట్ లేకుండా పిన్ వద్దు.

లాక్‌ఫైల్_లోకం

ఆఖరి వాక్యం నూటికి నూరు ఒప్పుకుంటా. కానీ యాక్షన్ల విషయంలో షా పిన్‌ని వదలొద్దు. టీజే యాక్షన్స్ అప్పుడు దొంగలు కొత్త వెర్షన్ విడుదల చెయ్యలేదు, ఉన్న ట్యాగులన్నిటినీ (కమిట్‌లకి పెట్టిన వెర్షన్ పేర్లని) జరిపి తమ కమిట్ మీద పెట్టారు. వెర్షన్ ట్యాగ్ రాసుకుని "మేం పిన్ చేశాం" అనుకున్న అందరికీ అదే దిగింది, 23 వేలకి పైగా రెపోలు ఆ యాక్షన్ వాడుతున్నాయి అప్పటికి. షా రాసుకున్నవాళ్లకి, ఆ రోజుల్లో అప్‌డేట్ చెయ్యనివాళ్లకి, ఏమీ కాలేదు. డిపెండబాట్, రెనోవేట్ అనే బాట్‌లు రెండూ షాని మార్చి పక్కన కామెంట్‌లో వెర్షన్ కూడా రాసి పెడతాయి, మనిషి చేత్తో రాయక్కర్లేదు.

షాకి కూడా హద్దు ఉంది. మీరు పిన్ చేసిన యాక్షన్ లోపల ఇంకో యాక్షన్‌ని ట్యాగ్‌తో పిలుస్తుంటే, లేదా లేటెస్ట్ డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూట) లాగుతుంటే, మీ పిన్ పై పొరకే పరిమితం. అందుకే యాక్షన్లు తక్కువ వాడండి, నాలుగు లైన్ల షెల్‌తో అయ్యే పనికి బయటివాడి యాక్షన్ ఎందుకు. బేస్ ఇమేజ్‌లకి కూడా ట్యాగ్ కాకుండా డైజెస్ట్ (ఆ ఇమేజ్ హ్యాష్) రాయండి.

రన్నర్_కాపలా

దీనికి కలిపి ఒక్క మాట, మీ రెపో పబ్లిక్ అయితే పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే ట్రిగ్గర్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. అది బయటివాళ్ల పీఆర్‌కి కూడా మీ సీక్రెట్స్, మీ రైట్ టోకెన్, మీ మెయిన్ బ్రాంచ్ క్యాష్ (మళ్లీ వాడటానికి దాచుకున్న బిల్డ్ ఫైళ్లు) అన్నీ అందేలా నడుస్తుంది. 2024 డిసెంబర్‌లో అల్ట్రాలిటిక్స్ అనే పైథాన్ ఏఐ లైబ్రరీలోకి దీంట్లోంచే దూరారు, బ్రాంచ్ పేరులో షెల్ కమాండ్ పెట్టి, క్యాష్‌ని విషం చేసి, రిలీజ్ బిల్డ్ ఆ క్యాష్‌ని వాడుకునేలా చేశారు, పైపీఐలోకి క్రిప్టో మైనర్ వెళ్లింది, గిట్‌లో చూస్తే ఆ కోడే లేదు. 2025 ఆగస్టులో ఎన్ఎక్స్ అనే బిల్డ్ టూల్‌లోకి కూడా ఇదే ట్రిగ్గర్‌లోంచి, పీఆర్ టైటిల్‌లో కమాండ్ పెట్టి దూరారు. పీఆర్ టైటిల్, బ్రాంచ్ పేరు లాంటివి స్క్రిప్ట్‌లో నేరుగా అతికించకండి, ఎన్వ్ వేరియబుల్‌లోకి తీసుకుని కోట్స్‌లో వాడండి. రిలీజ్ బిల్డ్‌కి క్యాష్ వద్దు, రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి.

బయటికి వెళ్లే నెట్‌వర్క్‌ని బిగించడం కూడా మంచిదే, టీజే యాక్షన్స్ దొరికింది కూడా రన్నర్ ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్తోందని ఒక మానిటర్ పట్టుకోవడం వల్లే. కానీ ఎన్ఎక్స్ దొంగలు, షాయ్ హులూద్ దొంగిలించినదాన్ని గిట్‌హబ్‌లోనే బాధితుడి అకౌంట్‌లో పబ్లిక్ రెపో తెరిచి అందులో పడేశాయి. గిట్‌హబ్‌ని ఎవరు బ్లాక్ చేస్తారు చెప్పండి. అందుకే మొదట చెప్పిందే మళ్లీ చెప్తున్నా, బిల్డ్ జాబ్‌లో దొంగిలించడానికి ఏమీ ఉండకూడదు.

డెవాప్స్_కొత్త

జాబ్‌లు విడగొట్టే పని మొదలైంది, ఓఐడీసీకి క్లౌడ్ టీమ్ ఒప్పుకుంది. పైథాన్ వైపు ఎక్స్‌ట్రా ఇండెక్స్ నిజంగానే ఉంది, తీసేస్తున్నాం. చివరిగా ఒకటి, ఇవన్నీ పూర్తయ్యేలోపే ఫలానా ప్యాకేజీ హ్యాక్ అయ్యింది అని వార్త వస్తే ఆ గంటలో ముందు ఏం చెయ్యాలి? వెర్షన్ వెనక్కి తిప్పి రీడెప్లాయ్ చెయ్యడమేనా?

పైథాన్_పక్కింటి

ముందు తిప్పడం కాదు, ముందు కీలు చంపడం. ఆ వెర్షన్ మీ ఏ బిల్డ్‌లో దిగిందో లాక్‌ఫైల్ గిట్ హిస్టరీలో, బిల్డ్ లాగ్‌లో వెతకండి. దిగిన ఒక్క జాబ్ దొరికినా ఆ జాబ్‌కి అందే ప్రతి టోకెన్ పోయిందనే లెక్క, వాడిన గుర్తు కనపడలేదు కదా అని వదలొద్దు. ఎన్‌పీఎం టోకెన్, గిట్‌హబ్ టోకెన్, క్లౌడ్ కీ రద్దు చేశాకే కొత్తవి వెయ్యండి, అది కూడా శుభ్రమైన మెషిన్ నుంచి. డెవలపర్ల ల్యాప్‌టాప్‌లు మర్చిపోకండి, వాళ్లు కూడా అదే ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టి ఉంటారు, వాళ్ల దగ్గర ఉన్న కీలు సీఐ కంటే ఎక్కువ.

తర్వాత మీ ఆర్గ్‌లో ఎవరూ చెయ్యని కొత్త పబ్లిక్ రెపోలు, కొత్త వర్క్‌ఫ్లో ఫైళ్లు, మీ పేరుతో పబ్లిష్ అయిన ప్యాకేజీలు చూడండి, వార్మ్ అయితే మీ టోకెన్‌తోనే మీ ప్యాకేజీల ద్వారా ఇంకొకరికి పాకుతుంది. సొంత మెషిన్ మీద రన్నర్ ఉంటే దాన్ని తుడిచి మళ్లీ కట్టండి, శుభ్రం చేశాం అనుకుని వాడొద్దు.

ఇంకా చాలామంది మర్చిపోయేది లోపలి ప్రాక్సీ. రిజిస్ట్రీ వాళ్లు దొంగ వెర్షన్ తీసేసినా మీ ప్రాక్సీ దాన్ని అప్పటికే క్యాష్ చేసి దాచుకుని ఉంటుంది, మీ లోపల మాత్రం అది దిగుతూనే ఉంటుంది. అక్కడ డిలీట్ చేసి, ఆ వెర్షన్‌ని బ్లాక్ లిస్ట్‌లో పెట్టి, సీఐ క్యాష్‌లన్నీ ఖాళీ చేసి, అప్పుడు వెర్షన్ తిప్పి బిల్డ్ కొట్టండి. ఆ బిల్డ్ లాగ్‌లో ఏ వెర్షన్ దిగిందో కళ్లారా చూసుకున్నాకే డెప్లాయ్ చెయ్యండి.